రంగుల బొమ్మ ఆఖర్న చూద్దాం

వస్తువులు బరువుకి ఎంత వంగుతాయో, తట్టుకుంటాయో లేదో కంప్యూటర్‌లో లెక్కగట్టే పని మాది. మా టీమ్‌లోకి కొత్తగా ఎవరు చేరినా మొదటి వారం వాళ్లకి నేనిచ్చేది ఒక ఇనప పట్టీ. 100 మిల్లీమీటర్ల పొడవు, 20 వెడల్పు, 5 మందం. ఒక చివర వైస్‌లో బిగించాం, రెండో చివర 100 న్యూటన్ల బరువు, అంటే సుమారు పది కిలోలు వేలాడదీశాం అనుకోండి. ఎంత వంగుతుంది? స్ట్రెస్, అంటే లోపలి ఒత్తిడి, ఎక్కడ ఎంత వస్తుంది? కంప్యూటర్ ముట్టుకోకుండా చెప్పాలి.

చాలామంది ముందు నవ్వుతారు. ఎంటెక్ చేసి, బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో సిమ్యులేషన్ ఉద్యోగం తెచ్చుకుని వస్తే ఇదేంటి, పాలిటెక్నిక్ లెక్క అని. తర్వాత పెన్ను తీస్తారు. "పి ఎల్ క్యూబ్ బై త్రీ ఈ ఐ" అని అందరికీ నోటికి వస్తుంది. ఐ, అంటే పట్టీ అడ్డుకోత ఆకారాన్ని బట్టి వచ్చే అంకె, ఎంత అనే దగ్గర కొంచెం తడబాటు. మందం పైనా, వెడల్పు పైనా క్యూబ్ ఎటు వేయాలో గుర్తురాక అటూ ఇటూ చూస్తారు. చివరికి లెక్క తేలుతుంది: 0.76 మిల్లీమీటర్ల వంపు, బిగించిన చోట 120 మెగాపాస్కల్స్ స్ట్రెస్.

అప్పుడు సాఫ్ట్‌వేర్ తెరవమంటాను. అందులో ముందు పట్టీని చిన్న ముక్కలుగా విడగొట్టాలి. ముక్కలు ఎలిమెంట్లు, వాటిని కలిపే బిందువులు నోడ్లు, మొత్తం అల్లిక మెష్. నాలుగు ముఖాలున్న ముక్క టెట్రా. కావాలనే నాలుగు నోడ్ల టెట్రాలతో, 5 మిల్లీమీటర్ల సైజులో, మందానికి ఒకే వరస ఎలిమెంట్లు వచ్చేలా మెష్ చేయిస్తాను. రన్ క్షణాల్లో అయిపోతుంది. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు. స్ట్రెస్ తక్కువున్నచోట నీలం నుంచి ఎక్కువున్నచోట ఎరుపు దాకా చక్కని బొమ్మ వస్తుంది. వంపు మాత్రం 0.76కి చాలా కిందనే ఆగిపోతుంది. అంటే పట్టీ ఉన్నదానికంటే బాగా మొండిగా మారిపోయింది.

కారణం పెద్ద రహస్యమేం కాదు. పట్టీ వంగితే పైభాగం సాగాలి, కిందిభాగం నొక్కుకోవాలి. నాలుగు నోడ్ల టెట్రా లోపల ఎక్కడ చూసినా స్ట్రెయిన్, అంటే సాగుడు, ఒకటే. పైన ఒకలా, కింద ఒకలా ఉండటం దానికి చేతకాదు. చేతకాని పని చేయమంటే బిగుసుకుపోతుంది. అదే మెష్‌ని పది నోడ్ల టెట్రాలకి మార్చి మళ్లీ రన్ పెడితే 0.76 వచ్చేస్తుంది. మారింది మెనూలో ఒక ఆప్షన్, అంతే.

ఈ పట్టీకి కాగితం మీద లెక్క ఉంది కాబట్టి తప్పు దొరికింది. రేపు ఇలాంటి లెక్క లేని గేర్‌బాక్స్ కేసింగ్ చేతికిస్తే అదే మొండి ఎలిమెంట్లు, అదే అందమైన బొమ్మ. దొరకదు. సాల్వర్, అంటే లెక్క చేసే ప్రోగ్రాం, మనం అడిగిన ప్రశ్నకి జవాబిస్తుంది, మనం అడగాల్సిన ప్రశ్నకి కాదు. మాకు జీతమిచ్చేది ఆ రెండూ ఒకటేనా అని చూసుకోవడానికే అని నా అభిప్రాయం.

ఈ రంగంలో లేనివాళ్లకి రెండు మాటల్లో. చిన్న అగ్గిపుల్లలు పేర్చి చేతిగాజు గుండ్రం తెప్పించినట్టు, ఒక వస్తువుని వేలాది చిన్న ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్కకి సులువైన సమీకరణం రాసి, అన్నీ కలిపి ఒకేసారి సాధించడమే ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి. గణితంలో దీని మూలాలు 1943లో రిచర్డ్ కూరాంట్ రాసిన పేపర్‌లో కనిపిస్తాయి. ఇంజినీర్ల చేతికి వచ్చింది మాత్రం విమానాల వల్ల. రెక్కలు ఎంత మొండిగా ఉంటాయో లెక్కగట్టే పనిలో బోయింగ్‌కి చెందిన టర్నర్, ఆయనతోపాటు క్లఫ్, మార్టిన్, టాప్ 1956లో ఒక పేపర్ ప్రచురించారు. 1960లో క్లఫ్ దీనికి ఇప్పుడున్న పేరు పెట్టారు. ఆ దశాబ్దంలోనే నాసా తన అవసరాల కోసం నాస్ట్రాన్ అనే ప్రోగ్రాం రాయించుకుంది. నేను ఇవాళ్టికీ దాదాపు రోజూ దాని వారసులతోనే పని చేస్తున్నాను.

నాస్ట్రాన్ ఇన్‌పుట్ ఫైల్ చూసినవాళ్లకి తెలుస్తుంది ఆ పాతదనం. 80 కాలమ్‌ల పంచ్ కార్డు కాలంలో పుట్టింది కాబట్టి వరసకి పది గళ్లు, గడికి ఎనిమిది అక్షరాలు. అంకె ఒక్క అక్షరం పక్కకి జరిగితే వేరే గడిలో పడుతుంది. స్టీల్ మాడ్యులస్ (అది ఎంత మొండిదో చెప్పే అంకె) 210000 అని రాసి చివర చుక్క మరిచిపోతే ఫేటల్ ఎర్రర్ కొట్టి రన్ ఆగిపోతుంది. చుక్క పెట్టాల్సిందే. కొత్తవాళ్లు విసుక్కుంటారు గానీ నాకిది ఇష్టం. తప్పుని మొహం మీదే చెప్పేసే సాఫ్ట్‌వేర్ మంచిది. భయపడాల్సింది ఏమీ అనకుండా మింగేసేవాటికే.

అలా మింగేసిన తప్పొకటి చెప్తాను. మా టీమ్‌లో ఒంగోలు కుర్రాడొకడు ఉన్నాడు, పని చురుగ్గా చేస్తాడు. ఎలక్ట్రిక్ ఆటోలో బ్యాటరీని పట్టుకునే స్టీల్ బ్రాకెట్ వాడికిచ్చాం. బ్యాటరీ లేకుండా ఒట్టి బ్రాకెట్‌కి మొదటి సహజ ఫ్రీక్వెన్సీ ఎంతో, అంటే తడితే అది సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుందో తేల్చాలి. అలా ఊగే ఆకారాన్ని మోడ్ షేప్ అంటాం. సాయంత్రం ల్యాప్‌టాప్ పట్టుకుని నా సీటు దగ్గరికి వచ్చాడు.

"అక్కా, మోడ్ షేప్ చూడండి, ఎంత క్లీన్‌గా వచ్చిందో."

నిజంగానే క్లీన్‌గా ఉంది. బ్రాకెట్ రెండు చెవులూ కిందికీ పైకీ ఊగుతున్నాయి, మధ్యలో రంగులు ఒద్దికగా మారుతున్నాయి. యానిమేషన్ కింద చిన్న అక్షరాల్లో ఫ్రీక్వెన్సీ: 6.0 హెర్ట్జ్.

"ఈ బ్రాకెట్‌ని చేత్తో తడితే ఎలా మోగుతుంది?" అని అడిగాను.

"టింగ్‌మని."

"సెకనుకి ఆరుసార్లు ఊగేది టింగ్‌మంటుందా? కళ్లతోనే చూడొచ్చు కదా దాన్ని."

వాడికి వెంటనే వెలిగింది. మేం వాడే పద్ధతిలో పొడవు మిల్లీమీటర్లు, బలం న్యూటన్లు, స్ట్రెస్ మెగాపాస్కల్స్. ఇవన్నీ ఒకదానితో ఒకటి పొసగాలంటే ద్రవ్యరాశి టన్నుల్లో ఉండాలి. స్టీల్ సాంద్రత 7.85 ఇంటూ పది టు ది పవర్ మైనస్ 9. వాడు కిలోల లెక్కన మైనస్ 6 ఇచ్చాడు. సాఫ్ట్‌వేర్‌కి యూనిట్లు తెలియవు, అంకెలే తెలుసు. బ్రాకెట్ వెయ్యి రెట్లు బరువెక్కింది, ఫ్రీక్వెన్సీ వెయ్యికి వర్గమూలమంత, అంటే 31.6 రెట్లు పడిపోయింది. సరిచేస్తే 190 హెర్ట్జ్.

ఇందులో నాకు ఒళ్లు జలదరించేది ఇంకొకటి ఉంది. సాంద్రత అంతటా ఒకేలా తప్పయితే మోడ్ షేప్ ఏమీ మారదు. తప్పు రన్‌లో వచ్చిన బొమ్మకీ, సరైన రన్‌లో వచ్చిన బొమ్మకీ తేడా ఉండదు. బొమ్మనే చూసి ఓకే చేసేవాళ్లు వెయ్యి రెట్ల తప్పుని ఓకే చేసినట్టే.

అందుకే మా దగ్గర అసలు లోడ్ కేసుల కంటే ముందు కొన్ని బోరింగ్ రన్‌లు నడుస్తాయి. మోడల్ మీద ఒట్టి గురుత్వాకర్షణ పెట్టి, సపోర్టుల దగ్గర రియాక్షన్లు, అంటే సపోర్టులు తిరిగి మోసే బలాలు, కూడమంటాను. బ్రాకెట్ 2.3 కిలోలు, కాబట్టి మొత్తం 22.6 న్యూటన్లు రావాలి. ఆ సాయంత్రం వాడి మోడల్‌లో ఇదే చేయిస్తే 22,563 వచ్చింది. ఒక బ్రాకెట్ రెండు కార్లంత బరువన్నమాట. ఇంకోటి, సపోర్టులన్నీ తీసేసి గాల్లో వదిలేసినట్టు ఫ్రీక్వెన్సీలు అడగడం. మూడు దిక్కుల్లో జరగడానికి మూడు, మూడు అక్షాల చుట్టూ తిరగడానికి మూడు, మొత్తం ఆరు సున్నాలు రావాలి. ఏడోది కూడా సున్నా అయితే ఎక్కడో ఒక వెల్డ్ కలపడం మరిచిపోయి కీలులా ఆడుతోందని అర్థం. ఐదే వస్తే ఎవరో ఎక్కడో ఒక నోడ్‌ని ఒక దిక్కులో పట్టి ఉంచేశారు. ఈ రన్‌లు ఏ ప్రెజెంటేషన్‌లోనూ కనబడవు. ప్రాజెక్ట్ మేనేజర్లకి ఇవి టైమ్ వేస్ట్‌లా అనిపిస్తాయి. అనిపించనీ.

ఇక పదునైన మూల సంగతి. దీని మీద నేను పెట్టుకున్నన్ని గొడవలు ఇంకే విషయం మీదా పెట్టుకోలేదేమో.

అదే బ్రాకెట్‌లో ఎల్ ఆకారంలో ఒక వంపు ఉంది. క్యాడ్ మోడల్ పంపినవాళ్లు లోపలి మూలలో ఫిల్లెట్, అంటే గుండ్రని మలుపు, గీయలేదు, సూటిగా 90 డిగ్రీల మూల వదిలేశారు. 4 మిల్లీమీటర్ల మెష్‌తో అక్కడ స్ట్రెస్ 212 మెగాపాస్కల్స్. స్టీల్ భారత ప్రమాణం ఐఎస్ 2062లో ఈ350 గ్రేడ్, అంటే యీల్డ్ (శాశ్వతంగా వంగిపోవడం మొదలయ్యే స్ట్రెస్) 350. హాయిగా పాస్. మా కుర్రాడు శ్రద్ధగా మెష్‌ని 2కి తగ్గించాడు, 290 అయింది. 1కి తగ్గించాడు, 398. ఫెయిల్!

మర్నాడు మీటింగ్‌లో ఆ ఎర్ర చుక్క తెర మీద పడగానే కలకలం. మందం ఒక మిల్లీమీటర్ పెంచుదామని ఒకరు, గ్రేడ్ మారుద్దామని ఇంకొకరు. అటువైపు డిజైన్ టీమ్ వాళ్లు బరువు పెరిగితే ఒప్పుకోమన్నారు. ఇంతమందిలో ఎవరూ అడగని ప్రశ్న, మెష్ ఇంకా తగ్గిస్తే ఏమవుతుందని. 0.5 పెడితే 540 దాటుతుంది. 0.25 పెడితే ఇంకా పైకి పోతుంది. ఎక్కడా ఆగదు. లోపలికి తిరిగిన పదునైన మూలలో ఎలాస్టిసిటీ సిద్ధాంతం ప్రకారమే స్ట్రెస్ అనంతం. మెష్ చిన్నదయ్యేకొద్దీ సాఫ్ట్‌వేర్ ఆ అనంతం వైపు నమ్మకంగా నడుస్తోంది, అంతే. అక్కడ 212 నిజం కాదు, 398 నిజం కాదు. ఏ అంకె కావాలంటే ఆ అంకె వచ్చే మెష్ సైజు ఒకటి దొరుకుతుంది. పాస్ చేయించుకోవాలనుకునేవాళ్లకి ఇంతకంటే సౌకర్యం ఏం కావాలి?

ప్రెస్‌లో వంచిన రేకుకి పదునైన మూల ఉండదు. డ్రాయింగ్ తీసి చూస్తే నోట్స్‌లో 3 మిల్లీమీటర్ల రేడియస్ రాసే ఉంది, మోడల్‌లో గీయలేదు. అది గీయించి, వంపు వెంట తగినన్ని ఎలిమెంట్లు ఉండేలా మెష్ చేస్తే 236, ఇంకా సన్నం చేస్తే 241, ఆ తర్వాత 242. నిలబడింది. మందం పెంచలేదు, గ్రేడ్ మార్చలేదు. నేను మొదట చెప్పిన ఇనప పట్టీలో కూడా బిగించిన అంచున 120 కంటే ఎక్కువ కనిపించేది దాదాపు ఇలాంటి కారణానికే. అంచు నుంచి కొంచెం ఇవతలికి వచ్చి చూస్తే కాగితం లెక్కతో కలుస్తుంది.

తప్పు మెష్ వల్ల ఎంత నష్టం రావచ్చు అని ఎవరైనా తేలిగ్గా అడిగితే నేను స్లీప్నర్ గురించి చెప్తాను. నార్వేలో ఉత్తర సముద్రపు చమురు, గ్యాస్ కోసం కట్టిన కాంక్రీట్ ప్లాట్‌ఫామ్, స్లీప్నర్-ఎ. 82 మీటర్ల లోతున సముద్రపు అడుగున కూర్చోవాల్సిన కాంక్రీట్ పునాది అది. పైన ఎత్తాల్సిన డెక్ బరువే 57 వేల టన్నులు. 1991 ఆగస్టు 23న స్తావాంగెర్ దగ్గర గాండ్స్ ఫియర్డ్‌లో పునాదిని మెల్లగా నీళ్లలోకి దించుతూ పరీక్షిస్తున్నారు. సుమారు 65 మీటర్ల లోతుకి దిగాక ఒక గోడ పగిలింది. లోపలికి వచ్చే నీళ్లని పంపులు తోడలేకపోయాయి. మొత్తం పునాది మునిగి అడుగున ముక్కలైంది. ఆ తాకిడి భూకంప లేఖినుల మీద 3.0 తీవ్రతగా నమోదైంది. ఆర్థిక నష్టం సుమారు 70 కోట్ల డాలర్లు. ప్రాణనష్టం లేకపోవడం ఒక్కటే ఊరట.

విచారణలో తేలిందేమిటంటే, పునాదిలో గుండ్రని సెల్స్ (బోలు గదులు) మూడు కలిసేచోట ఏర్పడే త్రికోణపు ఖాళీ, దాని గోడల దగ్గర మెష్ మోటుగా, ఎలిమెంట్లు వంకరగా ఉన్నాయి. షియర్ స్ట్రెస్ (గోడని కోసే ఒత్తిడి) ఉండాల్సినదానికంటే 47 శాతం తక్కువగా లెక్కకొచ్చింది. ఆ అంకెని నమ్మి గోడలు కట్టారు, ఇనుము సరిపడా పడలేదు. వాడింది నాస్ట్రానే, అందులో ఏ బగ్గూ లేదు. ప్రమాదం తర్వాత జాగ్రత్తగా మెష్ చేసి చూస్తే గోడ 62 మీటర్ల దగ్గర పగులుతుందని వచ్చింది. అసలు పగిలింది 65 దగ్గర. అదే పద్ధతి, అదే సమీకరణాలు. ఒకసారి ప్లాట్‌ఫామ్‌ని ముంచాయి, ఒకసారి మూడు మీటర్ల తేడాతో నిజం చెప్పాయి.

అమెరికాలో హార్ట్‌ఫర్డ్ స్టేడియం కప్పు 1978 జనవరిలో మంచు బరువుకి కూలిన కథ కూడా ఇలాంటిదే. కడుతున్నప్పుడే కప్పు కంప్యూటర్ చెప్పినదానికి రెట్టింపు కిందికి వంగిందని కొలిచి చెప్పారు. పట్టించుకున్నవాళ్లు లేరు. లెక్కకీ కొలతకీ అంత తేడా ఉంటే తప్పు లెక్కలో ఉండొచ్చని ఎందుకు తోచలేదో నాకిప్పటికీ అర్థం కాదు.

ఊరి నుంచి ఫోన్ చేసే పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు అడిగేవి మాత్రం వేరే ప్రశ్నలు. ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటే ఉద్యోగం వస్తుంది? మారతహళ్లిలో మూడు నెలల కోర్సు ఉందట, చేరమంటారా? నా సలహా, చేరితే చేరండి గానీ దాని కోసం అప్పు చేయకండి. ఆ కోర్సుల్లో నేర్పేది ఎక్కువగా ఏ బటన్ ఎక్కడుందో. బటన్లు మారిపోతాయి, ఆ సాఫ్ట్‌వేర్లు చేసే కంపెనీలే చేతులు మారుతున్నాయి. 1970లో జాన్ స్వాన్సన్ మొదలుపెట్టిన ఆన్సిస్‌ని 2025లో సినాప్సిస్ కొనేసింది. హైపర్‌మెష్ చేసే ఆల్టైర్‌ని అదే ఏడాది సీమెన్స్ కొంది. అబాకస్ అయితే 2005 నుంచే దసో చేతిలో ఉంది. మీరు చదువు పూర్తి చేసేలోపు ఇంకేం మారుతుందో. నాలుగు నోడ్ల టెట్రా మాత్రం అప్పటికీ మొండిగానే ఉంటుంది.

నేర్చుకోవడానికి పెన్‌డ్రైవ్‌లో క్రాక్ కాపీ కోసం వెతకాల్సిన పని కూడా లేదు. పెద్ద కంపెనీలు మోడల్ సైజుకి పరిమితి పెట్టి విద్యార్థులకి ఉచితంగా ఇస్తున్నాయి. ఏ పరిమితీ వద్దనుకుంటే కాల్‌క్యులిక్స్ ఉంది. విమాన ఇంజిన్లు చేసే జర్మన్ కంపెనీ ఎంటీయూలోని ఇంజినీర్లు రాసి అందరికీ వదిలేసిన సాల్వర్ అది. ఇన్‌పుట్ దాదాపు అబాకస్‌లాగే ఉంటుంది. ముందు మెష్ చేయడానికి, తర్వాత ఫలితాలు చూడటానికి దాని మీద ప్రీపోమ్యాక్స్ అనే ఉచిత ప్రోగ్రాం కూర్చుంటుంది. ఇనప పట్టీకి అది చాలు, బ్రాకెట్‌కి కూడా చాలు. గాలి, నీటి ప్రవాహాలంటే ఆసక్తి ఉంటే ఓపెన్‌ఫోమ్. అది మాత్రం ఏడిపిస్తుంది, ముందే చెప్తున్నా.

(ఆఫీసుల్లో ఉచితంవి ఎందుకు వాడరని అడగకండి. లక్షలు పోసి కొన్న లైసెన్సులు పట్టుకుని, మోడల్ తెరిచి ఉంచి టీకి వెళ్లిపోయినవాళ్ల కోసం ఫ్లోర్ అంతా వెతుక్కునే బతుకు మాది.)

ఏఐ గురించి కూడా అడుగుతున్నారు. పాత రన్‌ల ఫలితాలు వేలకొద్దీ చూపించి శిక్షణ ఇస్తే, కొత్త డిజైన్‌కి సాల్వర్ లేకుండానే సెకన్లలో అంచనా చెప్పే మోడళ్లు వచ్చాయి. రేకు మందం 2.5 పెట్టాలా 3 పెట్టాలా అని వెతికేటప్పుడు నేనూ వాడుతున్నాను, బాగా పనికొస్తాయి. నేర్చుకున్న పరిధి దాటితే అవీ అంతే అందమైన బొమ్మ ఇస్తాయి, అందుకని చివర ఒక్క రన్ అయినా సాల్వర్‌లో పెట్టి సరిచూస్తాం. మెషింగ్ ఒక్కటే చేసేవాళ్ల పని తగ్గుతుందా అంటే, తగ్గుతుంది. తగ్గుతోంది. బెంగళూరులో మాలాంటి చాలామంది ఉద్యోగాలు ఒకప్పుడు జర్మనీ, అమెరికా కంపెనీల మెషింగ్ పనితోనే మొదలయ్యాయి. ఆ దారిన ఇప్పుడు రావాలనుకునేవాళ్లకి తలుపు సన్నబడిందని దాచకుండా చెప్పాలి.

బ్రాకెట్ నమూనా తయారై వచ్చాక టెస్టింగ్ ల్యాబ్‌కి పంపాం. ఇంత కంప్యూటర్ ఉండగా ఇంకా టెస్టులెందుకని అడిగేవాళ్లని మురుగేశ్‌పాళ్య దగ్గర విండ్ టన్నెల్ రోడ్డుకి తీసుకెళ్లాలనిపిస్తుంది. ఆ పేరు ఊరికే రాలేదు, ఎన్ఏఎల్ (నేషనల్ ఏరోస్పేస్ లాబొరేటరీస్) వాళ్ల ట్రైసోనిక్ విండ్ టన్నెల్ 1967 నుంచి ఉన్నది అక్కడే. సమాంతర కంప్యూటర్లు మనకి దొరకని కాలంలో, 1986లో, ఫ్లోసాల్వర్ పేరుతో సొంతంగా ఒకటి కట్టుకున్నదీ ఆ సంస్థే. కంప్యూటర్ కట్టుకున్నారని టన్నెల్ మూసేయలేదు.

ల్యాబ్‌లో బ్రాకెట్‌ని బెడ్‌కి బోల్టులతో బిగించి, కంపనం కొలిచే యాక్సిలరోమీటర్ అంటించి, చిన్న సుత్తితో కొట్టి చూశారు. 171 హెర్ట్జ్ వచ్చింది. మనం చెప్పింది 190. కుర్రాడు డీలా పడ్డాడు.

"పది శాతం తేడా అక్కా, రిపోర్ట్‌లో ఎలా పెడతాం?"

"171 అనే పెడతాం. ముందు తేడా ఎక్కడుందో చూడు."

చూశాడు. మోడల్‌లో బోల్ట్ రంధ్రాల అంచులన్నీ కదలకుండా పూర్తిగా కట్టేసి ఉన్నాయి. అసలు బోల్టు, దాని కింద రేకు కొంచెం ఇస్తాయి. ఆ కట్టు తీసేసి బోల్టులని బీమ్‌లుగా పెట్టి, వాషర్ ఆనినంత మేర మాత్రమే కలిపి రన్ చేస్తే 174 వచ్చింది. రిపోర్ట్‌లో మూడు అంకెలూ పెట్టాం, మొదటి దాంట్లో బోల్టుల్ని ఎలా అనుకున్నామో కూడా రాశాం. అటువైపు టీమ్ ఒక్క ప్రశ్న అడిగింది, బోల్ట్ టార్క్ ఎంత పెట్టారని. ఇప్పుడు ఆ మోడల్‌నే పెద్ద బ్యాటరీ వేరియంట్‌కి మారుస్తున్నాం. గ్రావిటీ రన్ నిన్న అయింది, రియాక్షన్లు సరిపోయాయి.